పువ్వుల కింద రేకు

మా అత్తగారు ఔనన్నారంటే ఔనే. నేను కాదన్నానంటే కాదే. ఇలాంటి ఇద్దరు ఇరవై రెండేళ్లుగా ఒకే వంటింట్లో మసులుతున్నా గిన్నెలు సొట్టలు పడలేదంటే ఆ పుణ్యం మా ఆయనది. ఎవరేమన్నా ఆయన "అవునవును" అంటారు. ఆమెకూ అవునే, నాకూ అవునే. ఆ మాట అనేసి, బ్రష్షు పట్టుకుని ఏదో ఒకదానికి రంగు వేసుకుంటూ కూర్చుంటారు.

ఆయన బోర్డులు రాసే పెయింటరు. చేతిలో బ్రష్షు ఉండగా కంటికి ఖాళీ జాగా కనబడకూడదు. మా ఫ్రిజ్జు మీద చిలకలున్నాయి. కరెంటు మీటరు పెట్టె మీద తామరపువ్వు ఉంది. గ్యాస్ సిలిండరు మీద ద్రాక్ష గుత్తులు వేస్తే, ఖాళీది పట్టుకెళ్లడానికి వచ్చినతను ఇది మాది కాదని వదిలేసి పోయాడు. ఇంతటి కళాకారుడితో కాపురం చేసే నేను మాత్రం పద్దెనిమిదేళ్లు బస్సు డిపోలో మెకానిక్‌గా చేశాను. రాసి ఉన్నదే నమ్ముతాను, బిగించినదే నడుపుతాను. ఈ గుణం ఇంట్లో ఎవరికీ నచ్చదు, బండి చెడినప్పుడు తప్ప.

ఆరు నెలల కిందట డిపో ఉద్యోగం మానేసి, మిలిటరీ వాళ్లు పక్కన పెట్టిన లారీ ఒకటి వేలంలో కొన్నాను. పొడుగు ముక్కు, పది చక్రాలు, చెవులు చిల్లులు పడే ఇంజను. వేలం జాబితాలో దాని పేరు "రెండున్నర టన్నుల బండి". దాన్ని చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఈ ఆకుపచ్చ ఏడుస్తున్నట్టుందే" అన్నారు. నేను ఇంజను కింద వారం రోజులు పడుకుని పైకి లేచేసరికి తలుపులు, బానెట్టు, లోపల స్టీరింగు ముందున్న పలకతో సహా బండి మొత్తం పూచేసింది. బాగుందనే చెప్పాలి. యుద్ధానికి పోవాల్సిన బండి పెళ్లికి పోతున్నట్టుంది.

ఇక మా అత్తగారి ఆస్తి రంగులరాట్నం. పన్నెండు చెక్క గుర్రాలు, నడుమ నిలువెత్తు ఇరుసు, గుండ్రటి అరుగు, దాన్ని తిప్పే మోటారు. గుర్రాల్ని చెక్కింది మా మామగారు. మొట్టమొదట చెక్కిన తెల్ల గుర్రానికి ఒక చెవి పొట్టిది. చెవి చెక్కుతుండగా అత్తగారు అన్నానికి పిలిచారట, ఉలి జారిందట. "నా పిలుపుకి అంత ఉలికిపడేవారు" అని ఆమె ఇప్పటికీ మురిసిపోతారు. భయంతో ఉలికిపడి ఉంటారని నా అనుమానం.

మామగారు పోయాక కూడా ఆమే రాట్నం నడిపారు. నాలుగేళ్ల కిందట రాట్నం ఉన్న మైదానంలో భవనాలు లేచాయి. రాట్నం విప్పి షెడ్డులో పెట్టాం. అప్పటినుంచి రోజూ పొద్దున్నే ఆమె షెడ్డుకి వెళ్లి పన్నెండు గుర్రాలకూ దుమ్ము దులిపి వస్తారు.

అలాంటిది, యాభై కిలోమీటర్ల అవతల కొండ మీద కొత్త పార్కు కడుతున్నారని తెలిసి అర్జీ పెట్టారు. చోటిస్తామని జవాబొచ్చింది. ఆదివారం పార్కు తెరుస్తారు. శనివారం పొద్దున ఎనిమిది నుంచి మధ్యాహ్నం పన్నెండు దాకా మాత్రమే కొండ దారిలోకి బళ్లు రానిస్తారు. పన్నెండు గుర్రాలతో సహా రాట్నం మొత్తం ఆ లోపల గేటు దాటాలి. ఒక్కటి తగ్గినా ఆ చోటు గాలి కోటల వాడికి పోతుంది. పిల్లలు ఎక్కి గెంతడానికి గాలి కొట్టి నిలబెడతారే, ఆ కోటలు.

శుక్రవారం పొద్దున షెడ్డులో మా ఇద్దరికీ మొదలైంది.

"మూడు విడతలు పడతాయి అత్తయ్యా. ఒక్కోటి పోయి రావడానికి నాలుగ్గంటలు. మధ్యాహ్నం లోపల అవదు."

"ఒక్క విడత చాలు. లారీలో సగం, మన ట్రైలర్ వెనక కట్టి అందులో సగం."

"ఇది రెండున్నర టన్నుల బండి. ట్రైలర్‌తో కలిపి మీ రాట్నం ఏడు టన్నులు."

"ఫిరంగులు లాగిన బండే! నా చెక్క గుర్రాల్ని లాగలేదా?"

"ఫిరంగులు లాగినప్పుడు నేను నడపలేదు కదా. వెనక ఎంత కట్టొచ్చో రాసిన కాగితం నా దగ్గర లేదు. రాసి లేనిది నేను లాగను."

"లాగితే లాగుతుంది."

"లాగుతుందత్తయ్యా, అదే భయం. లాగడానికి ఇంజను చాలు. పల్లంలో వెనక నుంచి ఏడు టన్నులు తోసుకొస్తుంటే ఆపాలి కదా. అప్పుడు మీరు దిగి పట్టుకుంటారా?"

మా ఆయన ఇద్దరి వంకా చూసి "అవునవును" అన్నారు.

అత్తగారు అటు తిరిగారు. గుడ్డ తీసుకుని తెల్ల గుర్రం పొట్టి చెవి తుడవడం మొదలుపెట్టారు. ఆమె పోట్లాడితే నాకు హాయి. ఆమె ఊరుకుంటే కాళ్లూ చేతులూ ఆడవు. దగ్గరికి వెళ్లాను.

"డెబ్బై ఒకటి నాకు," అన్నారు నా వైపు చూడకుండా. "నాలుగేళ్లుగా దులుపుతున్నాను. దులపడం కాదే నాకు కావాల్సింది. ఇది తిరగాలి. పిల్లలు అరవాలి. అంతే."

నా గుండె చివుక్కుమంది. కానీ గుండె చివుక్కుమన్నంత మాత్రాన బ్రేకులు గట్టిపడవు కదా. ఏం చెయ్యాలో తోచక బయటికొచ్చి లారీ ఎక్కి కూర్చున్నాను. నాకు ఏడుపొస్తే ఎక్కడో ఒక స్టీరింగు వెనకే వస్తుంది.

ఎదుట పలక మీద మా ఆయన వేసిన పూలగుత్తి. కళ్లు తుడుచుకుని చూస్తుంటే ఒక సంగతి కనబడింది. గుత్తి చుట్టూ విడిగా నాలుగు పసుపు పూలున్నాయి, నాలుగు మూలలా, కొలిచి పెట్టినట్టు. మా ఆయన జన్మలో ఏదీ కొలిచి వెయ్యరు. మా ఫ్రిజ్జు మీది చిలకల్లో ఏ రెండూ ఒక సైజువి కావు. వేలితో ఒక పువ్వు నడుమ తడిమాను. గట్టిగా, గుండ్రంగా తగిలింది. రేకులు బిగించే రివెట్టు.

"ఏవండీ!" అని కేకేశాను. "ఈ పూల కింద ఏముండేది?"

ఆయన పరిగెత్తుకొచ్చారు. "ఏముంటుంది... ఏదో ఇత్తడి రేకు. నల్లగా మాడిపోయి ఉంది. నిండా చిన్న చిన్న అక్షరాలు. చూడ్డానికి బాలేదని..."

"అక్షరాలున్న రేకు మీద రంగేశారా! మీరు, బోర్డులు రాసి బతికే మనిషి!"

"అక్షరాలు ఏమంత బాలేవే," అన్నారు ఆయన చిన్నబుచ్చుకుని. "గజిబిజిగా రాశారు. నేనైతే అలా రాయను."

తప్పంతా ఆయనదే అనేద్దును, కానీ బండి వచ్చిన రోజున ఆ రేకు నా కళ్ల ముందే ఉంది. ఇంజను చూసే తొందరలో, తర్వాత చదువుదాంలే అనుకున్నాను. తర్వాత దాని మీద పువ్వు పూసింది. పక్కింటివాళ్ల నోటీసు కూడా వదలకుండా చదివే నేను, నా బండి రేకు చదవలేదు.

థిన్నరు, గుడ్డ తెచ్చి ఇచ్చాను. తుడిచే పని ఆయనే చేశారు. ఒక్కో పువ్వూ కరిగి కారుతుంటే ఆయన ముఖం చూడలేకపోయాను. కాసేపటికి ఇత్తడి మెరిసింది. అత్తగారు కూడా కళ్లజోడు పెట్టుకుని మెట్టెక్కి నా భుజం మీంచి తొంగి చూశారు.

రేకులో రెండు గడులున్నాయి. ఎడమ గడి మంచి రోడ్డుకి, కుడి గడి గతుకుల నేలకి. మంచి రోడ్డు మీద లారీలో నాలుగువేల అయిదువందల కిలోలు వెయ్యొచ్చు, వెనక ఇంకో నాలుగువేల అయిదువందలు లాగొచ్చు. గతుకుల నేల మీద లారీలో రెండువేల రెండువందల యాభై, వెనక రెండువేల ఏడువందలు. అడుగున ఇంకో రెండు ముక్కలు: ట్రైలర్‌కి సొంత బ్రేకులుండాలి, డ్రైవరు కాక ఎక్కిన మనుషులు కూడా లారీ బరువులోకే వస్తారు.

నేను రెండుసార్లు చదివాను. మిలిటరీ వాళ్లు బండికి పేరు పెట్టేది దాని గడ్డురోజు చూసి. బురదలో, రాళ్లలో మోయగలిగినదే పేరు. వాళ్ల టన్ను మన టన్ను కంటే కాస్త చిన్నది కూడా. చదునైన తారు రోడ్డు మీద అదే బండి దానికి రెట్టింపు మోస్తుంది. ఆరు నెలలుగా నేను ఆ బండిని సగం కడుపుతో తిప్పుతున్నానన్నమాట.

"నేను చెప్పలా?" అన్నారు అత్తగారు.

"కుడి గడి కూడా చదవండత్తయ్యా. తారు రోడ్డు కొండ మొదట్లో ఆగిపోతుంది. అక్కణ్ణుంచి కిలోమీటరున్నర కొత్తగా తవ్విన మట్టి దారి."

ఆమె వేలు పెట్టి మెల్లగా కుడి గడి చదివారు. "సరే. తారు దాకా గడి నాది. మట్టి నుంచి నీది. ఒట్టు."

ఇరవై రెండేళ్లలో మేమిద్దరం ఒక మాట మీదికి రావడం అదే మొదలు. మా ఆయనకి "అవునవును" అనే అవసరం లేక నోరు తెరిచి ఉండిపోయారు.

ఇక లెక్క సులువే. తారు రోడ్డంతా ఒకే విడతలో వెళ్తాం. కొండ మొదట్లో ట్రైలర్ విప్పేసి, లారీలో సగం దింపేసి, మిగతా సగంతో ముందు ఒకసారి ఎక్కుతాను. తెలియని దారిలో మొదటిసారే వెనక తోక కట్టుకుని ఎక్కేంత పిచ్చిదాన్ని కాను. దారి చూసుకుని దిగొచ్చి, రెండో విడత మిగతా సగం, ట్రైలర్ కట్టుకుని ఎక్కుతాను. సామాను బరువులు మామగారి నోటుబుక్కులో ఉన్నాయి. చెక్కినప్పుడు ఆయన ప్రతి ముక్కా తూచి రాసుకున్నారు. గుర్రం ఒక్కోటి ముప్ఫై మూడు కిలోలు. పన్నెండు గుర్రాలూ ఇరుసూ ట్రైలర్‌లో పెడితే, ట్రైలర్ సొంత బరువుతో కలిపి రెండువేల ఆరువందల తొంభై ఆరు. కుడి గడి గీసిన గీతకి నాలుగు కిలోలు లోపల. ఆ రాత్రి కంటినిండా నిద్రపోయాను.

శనివారం తెల్లారగానే బయల్దేరాం. లారీలో నా పక్కన అత్తగారు, ఆమె పక్కన మా ఆయన. రాట్నం బిగించే పనివాళ్లు నలుగురు మోటారుసైకిళ్ల మీద. కొక్కెం, గొలుసులు, ట్రైలర్ బ్రేకులకి పోయే గాలి గొట్టం మూడుసార్లు చూశాను. ఊరు దాటే చోట లారీ కాటా ఉంది. నోటుబుక్కు మీద నమ్మకం ఉన్నా, తూచనిది నేను నమ్మను.

కాటా మనిషి చెయ్యెత్తాడు. "డ్రైవరు కాక మిగతావాళ్లు దిగండమ్మా."

"నేను దిగను," అన్నారు అత్తగారు. "నా రాట్నంతో పాటు నేనూ వెళ్తాను. నన్నూ కలిపి తూచుకో."

ఆమె దిగలేదని మా ఆయనా దిగలేదు. కాటా మనిషి నా ముఖం చూసి అలాగే తూచాడు. ఖాళీ లారీ బరువు తీసేస్తే సామాను, ఆ ఇద్దరు మనుషులు కలిపి నాలుగువేల నాలుగువందల యాభై. ఎడమ గడికి లోపలే. తర్వాత ట్రైలర్ విడదీసి తూచాడు.

రెండువేల తొమ్మిదివందలు.

"కాటా తప్పు," అన్నారు అత్తగారు.

"నా కాటా తప్పా!" అని అతను ఒంటికాలి మీద లేచాడు. పక్కనున్న చిన్న మూటల కాటా చూపించి, "ఏది పెడతారో పెట్టండి" అన్నాడు. తెల్ల గుర్రాన్ని దింపి పెట్టాం. సరిగ్గా యాభై కిలోలు. ఇంకోటి పెట్టాం. అదీ యాభైయే.

మామగారు తప్పు రాసే మనిషి కాదు. ముప్ఫై మూడు యాభై ఎలా అయింది? నేను గుర్రం చుట్టూ తిరిగి చూశాను. డొక్కలో చిన్న పెచ్చు ఊడిన చోట గోటితో గీకాను. తెలుపు కింద నీలం, నీలం కింద లప్పం, లప్పం కింద ఎరుపు, దాని కింద మళ్లీ లప్పం, మళ్లీ పసుపు. పొరలు పొరలుగా వేలి మందాన ఉన్నాయి.

"ఏవండీ, వీటికి ఎన్నిసార్లు రంగేశారు?"

"ఏడాదికి రెండుసార్లు. నాకు పదేళ్లప్పటినుంచి. నలభై ఏళ్లు," అన్నారు ఆయన గర్వంగా. తర్వాత మెల్లగా, "పాతది ఎప్పుడూ గీకలేదు. గీకడానికి మనసొప్పలేదు."

పదిహేడు కిలోల రంగు. ఒక్కో గుర్రానికి. ఆయన ప్రేమ బరువు అంతని నాకు అప్పటిదాకా తెలియదు. నవ్వాలో ఏడవాలో తెలియక కాటా మనిషి కుర్చీలో కూలబడి, పడీపడీ నవ్వాను. అత్తగారూ నవ్వారు. చివరికి ఆయనా నవ్వారు.

నవ్వు ఆగాక మా వాళ్లిద్దర్నీ మూటల కాటా ఎక్కించాను. ఎక్కిన ప్రతి బరువూ నాకు తెలియాలి. ఆయన తొంభై రెండు, ఆమె యాభై ఎనిమిది.

"నా బరువు నలుగురిలో చదవకే," అన్నారు అత్తగారు.

ట్రైలర్ రెండువేల తొమ్మిదివందలైనా తారు రోడ్డు మీద ఎడమ గడికి లోపలే. బండి హాయిగా సాగింది. పల్లం వచ్చినచోటల్లా ముందే గేరు తగ్గించి, బ్రేకు మీద కాలు ఊరికే ఆనించి దిగాను. అత్తగారు కిటికీలోంచి దారినపోయే పిల్లలందరికీ చెయ్యి ఊపారు. కొండ మొదటికి చేరేసరికి పదయింది.

అక్కడే గడి మారింది. కొత్త మట్టి దారి, నిటారుగా, మధ్యలో రాళ్లు తేలి ఉంది. ట్రైలర్ విప్పి, లారీలో సరిగ్గా రెండువేల రెండువందల యాభై కిలోలు ఉంచి, మిగతాది అక్కడే దింపించాను. అత్తగారు, మా ఆయన సామాను దగ్గర కాపలా ఉన్నారు. అన్ని చక్రాలకీ ఇంజను బలం వచ్చే గేరు వేసి ఒక్కదాన్నే ఎక్కాను. రెండు చోట్ల చక్రం జారింది. ఆ రెండు చోట్లా నాలుగువేల అయిదువందలతో వచ్చి ఉంటే ఏమయ్యేదో ఆలోచించదలచుకోలేదు. పైన దింపి తిరిగి కిందికొచ్చేసరికి పదకొండుంబావు.

ఇంకా ముప్పావుగంట ఉంది. ఇంకొక్క విడతకే టైము. లారీలో మిగిలిన సామాను రెండువేల యాభై. ట్రైలర్ రెండువేల తొమ్మిదివందలు, కుడి గడి ఒప్పుకునేది రెండువేల ఏడువందలు. అంటే నాలుగు గుర్రాలు దిగాలి. నేను చెప్పకముందే అత్తగారు నా ముఖంలో చదివేశారు.

"ఎన్ని?"

"నాలుగు దిగాలి. మీరిద్దరూ ఎక్కితే లారీలో ఇంకొక్క గుర్రం బరువుకే వీలు. మూడు మిగిలిపోతాయి."

"వదిలేసి వెళ్తే?"

"గేటు దగ్గర పన్నెండు లెక్క చూస్తారు. ఇంకో విడతకి టైము లేదు."

ఒక పనివాడు అందుకున్నాడు. "నూటయాభై కిలోలకి ఏమవుతుందక్కా? కన్ను మూసుకుని లాగించెయ్."

అత్తగారు నన్ను చూశారు. ఆ చూపు నాకు తెలుసు. ఇప్పుడు ఆమె "లాగించెయ్" అంటే నేను కాదనాలి, కాదంటే నాలుగేళ్ల దుమ్ము మళ్లీ మొదలవుతుంది. అయినా కాదని మాత్రం అనేదాన్నే. ఆ రెండు చోట్ల జారిన చక్రం నాకింకా కాలికి తెలుస్తోంది.

ఆమె ఆ పనివాడి వైపు తిరిగారు. "మట్టి నుంచి గడి మా కోడలిది. ఒట్టేశాను." మళ్లీ నా వైపు తిరిగి, "అమ్మాయ్, పొద్దున నేను దిగనంటే నన్ను కలిపి తూచారు కదా. నేనూ వీడూ కలిపి ఎంత?"

"నూటయాభై."

"గుర్రం యాభై. మూడు గుర్రాలు. ఇంకా చూస్తావేం? మమ్మల్ని దింపెయ్. మేం నడిచొస్తాం."

కొండ మీదికి రాట్నంతో కలిసి లారీ ముందు సీట్లో కూర్చుని వెళ్లాలని వారం రోజులుగా చీర ఎంచుకున్న మనిషి ఆమె. కిలోమీటరున్నర ఎక్కుడు, డెబ్బై ఒకటేళ్ల మోకాళ్లు. ఆ రాళ్లలో మోటారుసైకిళ్లు ఒక్కొక్కరితోనే తడబడుతూ ఎక్కాయి, వెనక ఇంకొకర్ని కూర్చోబెట్టేలా లేదు.

"అత్తయ్యా, మీ మోకాళ్లు..."

"నా మోకాళ్లకి ఏ రేకూ కొట్టలేదు. మాట్లాడక ఎక్కించు."

లారీ వెనక మూడు గుర్రాలు పట్టాయి. నాలుగోదానికి సందు లేదు. అది తెల్లది. అత్తగారే దాన్ని ముందు సీట్లో, తన చోట్లో పెట్టించి, జారకుండా బెల్టు బిగించి, తల కిటికీలోంచి బయటికి ఉండేలా సర్దారు. "నా బదులు ఇది కూర్చుంటుంది" అన్నారు.

సరిగ్గా గీత మీద ఉన్నాం. గీతని తాకాను, దాటలేదు. మొదటి గేరులో, నడిచే మనిషి వేగంతో ఎక్కాను. ఇందాక జారిన రెండు చోట్లా చక్రాలు మట్టిని కరిచి పట్టుకున్నాయి. అద్దంలో ట్రైలర్ బుద్ధిగా వెనకే వస్తోంది. దాని వెనక, దుమ్ములో, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని మా అత్తగారు, ఆమె మోచెయ్యి పట్టుకుని మా ఆయన. నా పక్కన పొట్టి చెవి గుర్రం బయటికి తల పెట్టి గాలి పీలుస్తోంది.

పన్నెండుకి తొమ్మిది నిమిషాలుందనగా గేటు చేరాను. పార్కు ఆఫీసరు కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కనే గాలి కోటల వాడు చేతులు కట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఆఫీసరు లెక్కపెట్టాడు. ట్రైలర్‌లో ఎనిమిది, లారీలో మూడు.

"పదకొండే ఉన్నాయి" అన్నాడు.

"ఇటు చూడండి," అన్నాను.

అతను ముందుకొచ్చి కిటికీలోంచి చూస్తున్న గుర్రాన్ని చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ తర్వాత నవ్వి సంతకం పెట్టాడు. గాలి కోటల వాడు కూడా మంచివాడే పాపం, దింపడానికి ఒక చెయ్యి వేశాడు. చివరికి అతనికీ పార్కు మూలన ఇంకో చిన్న చోటు దొరికిందని తర్వాత తెలిసింది.

మా అత్తగారు ఇరవై నిమిషాల తర్వాత వచ్చారు. చెప్పులు చేతిలో ఉన్నాయి, ముఖం ఎర్రగా ఉంది. "పన్నెండూ వచ్చాయా?" అన్నారు. వచ్చాయన్నాను. అక్కడే నేల మీద కూలబడి, నా చెయ్యి పట్టుకుని, "బండి మంచిదే" అన్నారు. చెప్పులు పక్కన పెట్టి, "నడిపే మనిషీ మంచిదే" అన్నారు. రెండోది చాలా చిన్నగా అన్నారు. నాకు వినబడింది.

ఆదివారం పది గంటలకి రాట్నం తయారు. మా ఆయన తెల్లవారకముందే లేచి ఒక చిన్న రేకు రాసి స్విచ్చు పక్కనున్న స్తంభానికి కొట్టారు. అత్తగారు చెప్పినట్టే, రెండు గడులతో: పిల్లలైతే గుర్రానికి ఇద్దరు, పెద్దలైతే ఒక్కరు. ఒక్క పువ్వు కూడా వెయ్యలేదు. అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి. పార్కు ఆఫీసరు తన భార్యతో కలిసి ఒకే గుర్రం ఎక్కబోతే అత్తగారు మాట్లాడకుండా రేకు వైపు వేలు చూపించారు. పాపం, దిగి పక్క గుర్రం ఎక్కాడు.

పదకొండు గుర్రాలూ నిండాయి. పిల్లలు అప్పుడే అరుస్తున్నారు. తెల్లది ఖాళీగా ఉంది. ఎవరొచ్చినా "దానికి మనిషి ఉంది" అంటున్నారు అత్తగారు.

"అమ్మాయ్," అని పిలిచారు. "ఎక్కు."

"నేనా? మోటారు ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను. నిన్న నువ్వు దాన్ని తిప్పి తెచ్చావు. ఇవాళ అది నిన్ను తిప్పుతుంది."

ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై రెండేళ్లు. దాని మోటారు విప్పాను, బేరింగులు మార్చాను, నూనె పెట్టాను. ఒక్కసారి కూడా ఎక్కలేదు. అది ఆమె గమనించారని నాకు తెలియదు. ఎక్కి, పొట్టి చెవి పట్టుకుని కూర్చున్నాను. ఆమె స్విచ్చు నొక్కారు.

మొదటి చుట్టులో నవ్వాను. రెండో చుట్టులో, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఏడ్చాను. తిరిగిన ప్రతిసారీ స్విచ్చు దగ్గర నిలబడి పిల్లల అరుపులు వింటున్న ఆమె ముఖం కనబడుతోంది. అంత చిన్నపిల్లలా ఆమెని నేనెప్పుడూ చూడలేదు. కాస్త అవతల మా ఆయన కొత్త చెత్తబుట్ట ముందు కూర్చుని బ్రష్షు తడుపుతున్నారు.

"చాలా? ఆపనా?" అని కేకేశారు అత్తగారు.

"ఇంకో రెండు చుట్లు అత్తయ్యా!" అని అరిచాను. "మరీ ఎక్కువవుతుందా?"

ఆమె మెడ తిప్పి స్తంభం మీది రేకు చదివారు. తీరిగ్గా, వేలు పెట్టి, రెండు గడులూ చదివారు.

"ఎన్ని చుట్లో ఇందులో రాసి లేదే," అన్నారు. స్విచ్చు మీంచి చెయ్యి తీసేశారు.